అమ్మమ్మ మొహం చూసినవాళ్ళు

మా అమ్మకు వాళ్ళమ్మ మొహం తెలియదు. ఆ మొహం చూసినవాళ్ళు ఎవరైనా ఇంకా బతికున్నారేమో వెతకడానికి తొంభైతొమ్మిది వేసవిలో మేం కోనసీమ వెళ్ళాం. క్యాంపులో అందరికీ మాత్రం అంతర్వేది చూడబోతున్నామని చెప్పాం. దేవుణ్ణి చూడ్డానికి వెళ్తున్నామంటే ఎవరూ నవ్వరు. యాభై ఏళ్ళ కిందట పోయిన మనిషిని వెతుక్కుంటూ వెళ్తున్నామంటే నవ్వుతారు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

క్యాంపు అంటే కర్ణాటకలో, తుంగభద్ర కాలువ కింద, సింధనూరు దగ్గర. గోదావరి జిల్లాల నుంచి వచ్చి నల్లరేగడి కొనుక్కుని వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళన్నిటినీ అక్కడ క్యాంపులనే అంటారు. మా తాతయ్య కొత్తపేట దగ్గర ఉన్న రెండెకరాలూ అమ్మేసి, పదేళ్ళు నిండని మా అమ్మనీ, రెండో భార్యనీ వెంటబెట్టుకుని అక్కడికి చేరాడు. మొదటి భార్య, అంటే మా అసలు అమ్మమ్మ, అమ్మకు రెండో ఏడు నడుస్తుండగానే జ్వరమొచ్చి పోయింది. ఫోటో ఏదీ లేదు. ఆ రోజుల్లో ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఫోటోలు ఎవరు తీయించారు గనక!

తాతయ్య ఆవిడ పేరు పలకగా ఎవరూ వినలేదు. ఆ కాలం మగవాళ్ళు ఎదురుగా ఉన్న భార్యనే పేరు పెట్టి పిలిచేవారు కాదు, ఇక పోయినావిడ పేరు ఏం పలుకుతారు? సవతి అమ్మమ్మ మంచిది. ఆవిడ మంచితనమే మా అమ్మకు అడ్డమైపోయింది. కన్నతల్లి ఊసెత్తితే ఈవిడ మనసు నొచ్చుకుంటుందని అమ్మ నలభై ఏళ్ళు నోరు కట్టేసుకుంది. తాతయ్య పోయాడు, రెండేళ్ళకు ఆవిడా పోయింది. ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలంతా వెళ్ళిపోయాక, వంటింట్లో నా పక్కన కూర్చుని అమ్మ మొదటిసారి అడిగింది.

"ఒక్కసారి మా అమ్మ పుట్టినూరు తీసుకెళ్తావటే?"

"ఇప్పుడక్కడ ఎవరున్నారమ్మా?" అన్నాను.

"ఎవరో ఒకరు ఉండరా? చూసినవాళ్ళు ఒక్కరు దొరికితే చాలు. ముక్కు ఎలా ఉండేది, నవ్వితే ఎలా ఉండేది, అడిగి తెలుసుకుంటాను. దణ్ణం పెట్టుకుందామని కళ్ళు మూసుకుంటే నాకు ఏమీ కనపడదే."

అమ్మ ఏదైనా అడగడమే తక్కువ. అందుకని ఆ ప్రయాణం పెత్తనమంతా నేను తలకెత్తుకున్నాను. బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని, నాకు తెలియనిది లేదని ఒక గట్టి నమ్మకం. నూరుపేజీల నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో వంశవృక్షం గీశాను. అమ్మమ్మ వైపు కొమ్మ ఖాళీ.

మా తమ్ముడికి విత్తనాల బస్తాలు తోలే పాత వ్యాను ఒకటుండేది. దాన్ని కడిగించి, లోపల ఒక పక్క పొడుగునా చెక్కబల్ల కొట్టించి దూది పరుపు పరిచాడు. రెండో పక్క కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, బియ్యం, ఆవకాయ జాడీ. వెనక తలుపుకు మరదలి పాత చీర పరదా. ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఆగాలి, వండుకోవాలి, పడుకోవాలి, గుళ్ళూ గోదారీ చూడాలి, మధ్యలో అమ్మమ్మ ఊరు కనుక్కోవాలి. నలుగురమే వెళ్ళాం: అమ్మ, నేను, తమ్ముడు, మరదలు.

రావులపాలెం వంతెన దాటాక టీకి ఆపాం. ఒక పెద్దాయన కర్ణాటక నంబరు చూశాడు, లోపల కుక్కరు కూత విన్నాడు, మెల్లిగా పరదా ఎత్తి తొంగిచూశాడు.

"సర్కసు వాళ్ళాండి?"

"ఆయ్, సర్కసేనండి," అన్నాడు తమ్ముడు. "సింహం పడుకుందండి, లేపకండి." నన్నే చూపించాడు వెధవ. మరదలు నవ్వలేక నవ్వలేక గరిటె కింద పడేసింది. అమ్మ కూడా నవ్వింది. ఆ ప్రయాణంలో అమ్మ నోరారా నవ్వడం అదొక్కసారే చూశాను.

ర్యాలిలో విగ్రహం ముందు నుంచి స్వామి, వెనక నుంచి మోహిని. పూజారి దీపం పట్టుకుని వెనకవైపు జడముడి, నడుము, మడమ ఒక్కొక్కటే చూపించాడు. అందరం కళ్ళు విప్పార్చుకుని చూశాం. బయటికొచ్చాక అమ్మ, "రాతిమనిషికి ఇన్ని ఆనవాళ్ళున్నాయి, మా అమ్మకు ఒక్కటి లేదు," అంది. కొబ్బరిముక్క చేతిలో పెట్టాను.

కొత్తపేటలో అమ్మ మేనత్త ఉంది, తాతయ్యకు చెల్లెలు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, నేను మామ్మ అంటాను. వాళ్ళ పెరట్లో వ్యాను పెట్టుకుని రెండు రోజులున్నాం. మా అమ్మమ్మ కొత్తకోడలిగా వచ్చేసరికే మామ్మకు పెళ్ళయి అత్తారింట్లో ఉంది. పండక్కీ పబ్బానికీ పుట్టింటికి వచ్చినప్పుడు చూడ్డమే.

"మొహం ఎలా ఉండేదండీ అత్తయ్యగారూ?" అని అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మామ్మ గుర్తు తెచ్చుకోబోయింది. "జడ గుర్తుందే అమ్మా. నడుం దాటి ఉండేది. ఎప్పుడూ పొయ్యి దగ్గరే, కొంగు కప్పుకుని ఆ చీకట్లోనే. మొహం అంటే... రావట్లేదే తల్లీ. ఎంత గుంజుకున్నా రావట్లేదు."

జడ ఒక్కటి దొరికిందని నోటుపుస్తకంలో రాశాను. పేరేమిటని అడిగితే మామ్మ ఠక్కున పేరు చెప్పింది. పుట్టింటివాళ్ళ ఇంటిపేరూ, రాజోలు అవతల కాలువ గట్టు మీద ఊరూ చెప్పింది. రాకపోకలు ఎందుకు తెగాయో కూడా చెప్పింది. అమ్మమ్మకు పెళ్ళి కావలసిన చెల్లెలు ఒకతె ఉండేదట. అమ్మమ్మ పోయాక, పసిపిల్లకు పరాయిది ఎందుకు, పినతల్లి అయితే కన్నతల్లిలా చూసుకుంటుందని, ఆ చెల్లెల్ని మా తాతయ్యకిమ్మని మావాళ్ళు అడిగారు. మగపిల్లలు లేని ఇల్లు, ఆ పిల్లకు ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకుంటామని వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. దాంతో అమ్మ వాళ్ళ నాయనమ్మకు పౌరుషం వచ్చింది. పిల్లని చూడ్డానికి వాళ్ళు రెండుసార్లు వస్తే గుమ్మంలోంచే పంపేసిందట. ఆ తర్వాత మావాళ్ళు క్యాంపుకు పోయారు. ఎక్కడికి పోయారో వాళ్ళకు ఎవరూ కబురు పెట్టలేదు.

"వెళ్తే వెళ్ళండి గానీ, కూతుర్నని మాత్రం చెప్పకే," అంది మామ్మ బయల్దేరేముందు. "ఆస్తి కోసం వచ్చేరనుకుంటారు. ఆడపిల్లలకీ వాటా అని చట్టం వచ్చిన కాణ్ణుంచీ ఇక్కడ అక్కచెల్లెళ్ళనే గుమ్మం ఎక్కనివ్వట్లేదు. నువ్వు యాభై ఏళ్ళకి ఊడిపడితే ఊరుకుంటారా? ముందు పేరు చెప్పి కనుక్కోండి. మంచివాళ్ళైతే అప్పుడు చెప్పుకోవచ్చు."

నాకు ఆ మాట మహా నచ్చింది. తెలివైన పద్ధతి అనిపించింది. అంబాజీపేట దాటి రాజోలు వెళ్ళేదాకా దారంతా వ్యానులో అమ్మకు పాఠం చెప్పాను. నువ్వు నోరు మెదపకు. కళ్ళనీళ్ళు పెట్టుకోకు. వాళ్ళ మొహాల్లోకి అలా చూస్తూ ఉండిపోకు, నీ చూపే మనల్ని పట్టించేస్తుంది. తల దించుకుని నా పక్కన ఉండు, మిగతాది నేను చూసుకుంటాను.

"మన అనేవాళ్ళ దగ్గరకెళ్ళి అబద్ధం ఎందుకే?" అంది అమ్మ.

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? తొందరపడొద్దంటున్నాను, అంతే. నేను చెప్పినట్టు చెయ్యి," అన్నాను. పిల్లల్ని కసిరే గొంతుతోనే అన్నాను.

ఆ ఊరు చేరేసరికి పదకొండు దాటింది. కాలువ లాకుల దగ్గర వ్యాను వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి లేదు. గాలి పెట్టుకున్నావా అని ఊళ్ళోనే అడిగానని తమ్ముడి మీద ఎగిరాను. వాడు నాకు జవాబు చెప్పకుండా చక్రం ఊడదీసి, ఎవరిదో రిక్షాలో వేసుకుని రాజోలు పోయాడు. మరదలు కాలువ గట్టున చెట్టు నీడలో అన్నం వండుతూ ఉండిపోయింది. అమ్మా నేనూ ఊళ్ళోకి నడిచాం. తొంభైఆరు తుఫానుకు మొవ్వులు విరిగిన కొబ్బరిచెట్లు ఇంకా అక్కడక్కడా మోడుల్లా నిలబడే ఉన్నాయి.

ఆ ఇంటిపేరువాళ్ళు ఊళ్ళో మూడిళ్ళున్నారని కొట్టాయన చెప్పాడు. మొదటి ఇంట్లో ఒకాయన అరుగు మీదే ఆపి, పేరు పూర్తిగా వినకుండానే, "కాగితాలేమైనా తెచ్చేరాండి?" అన్నాడు. చూశావా, మామ్మ చెప్పింది నిజమే అని అమ్మ చెవిలో అన్నాను. రెండో ఇంటికి తాళం. మూడోది ఊరి చివర, కాలువకు దగ్గరగా ఉన్న పెంకుటిల్లు.

అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని, కొబ్బరాకుల్లోంచి చీపురు కోసం ఈనెలు తీస్తోంది. మమ్మల్ని చూసి కత్తి పక్కన పెట్టింది.

"ఎవరండీ? ఎండలో నుంచుండిపోయేరేంటండి, పైకి రండి. కూకోండి."

ఆవిడే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను చాపమీద ఆవిడకెదురుగా కూర్చున్నాను. అమ్మ కూర్చోలేదు, స్తంభం పక్కన తల దించుకుని నిలబడింది. బెంగుళూరు వైపు నుంచి గుళ్ళు చూడ్డానికి వచ్చామనీ, మాకు తెలిసినావిడ ఒకామె కనుక్కుని రమ్మందనీ కథ చెప్పి, నోటుపుస్తకం తెరిచి పేరు చదివాను. ఈ పేరుగల ఆడపిల్ల చాలా ఏళ్ళ కిందట మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉండేదాండీ, కొత్తపేట వైపు ఇచ్చారట, అని అడిగాను.

ఆవిడ ఆ పేరు తనలో తను రెండుసార్లు అనుకుంది.

"లేదండి. ఆ పేరుగల పిల్ల మా ఇంట పుట్టలేదండి. మా ఇళ్ళన్నిట్లోనూ లేదండి, నాకు తెలుసు కదండి. కొత్తపేట అంటే..." అని ఆగింది. "ఎవరండీ కనుక్కోమన్నది?"

"మీకు తెలియదులెండి," అన్నాను.

అప్పుడు అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. చెప్పేద్దామా అని అడుగుతోందని నాకు తెలుసు. ఆ చెయ్యి మీద నా చెయ్యి వేసి గట్టిగా నొక్కాను. వద్దు.

"ఈవిడేంటండీ ఒక్క మాటా ఆడలేదు?" అంది పెద్దావిడ.

"గొంతునొప్పండి ఆవిడకు," అన్నాను. వాచీ చూసుకున్నాను. పన్నెండున్నర. పుస్తకంలో ఆ ఊరి మీద అడ్డంగా గీత కొట్టి లేచాను.

"అన్నం వేళకి వచ్చి తినకుండా వెళ్తారేంటండి? చేపల పులుసుందండి. రెండు ముద్దలు తిని వెళ్ళండి," అని ఆవిడ మెట్లు దిగి మా వెంట వాకిలి దాకా వచ్చింది. అంతర్వేది చేరాలండి అన్నాను. అమ్మ కాళ్ళీడ్చుకుంటూ నా వెనకే వచ్చింది.

సాయంత్రానికి అంతర్వేది చేరాం. నది సముద్రంలో కలిసే చోట అమ్మ మునక వేసి వచ్చి, పసుపు, కుంకుమ, రవికెలగుడ్డ ఒక పళ్ళెంలో పెట్టుకుంది. ముత్తైదువగా పోయిన తల్లి పేరు చెప్పి ఎవరైనా ముత్తైదువకు ఇవ్వాలని ఆవిడ ఆశ. పీచుమిఠాయి కొంటున్న ఎవరో ఒకామెను బతిమాలి బొట్టుపెట్టి ఇచ్చింది. పేరు చెప్పబోయి ఆగిపోయింది.

"పుట్టలేదంది కదే," అంది నాతో. "అసలు మా అమ్మ అనేది ఒకతె ఉందంటావా?"

"అదేం మాటమ్మా! నువ్వు ఆకాశంలోంచి ఊడిపడ్డావా?" అని విసుక్కున్నాను. నాకు దుఃఖం వస్తే విసుగే వస్తుంది, మొదటినుంచీ అంతే.

తిరుగుదారిలో అమలాపురం మీదుగా ముక్తేశ్వరం వచ్చి, అక్కడ గోదారి దాటించే పంటు మీదికి వ్యానుని ఎక్కించాం. గోదారి నిండా ఎండ మెరుస్తోంది. తమ్ముడూ మరదలూ అంచున నిలబడి అటు చూడు ఇటు చూడు అని కేకలు పెడుతున్నారు. అమ్మ వ్యానులోంచి దిగలేదు. పరదా వేసుకుని పరుపు మీద అటు తిరిగి పడుకుంది. కోటిపల్లి రేవు వచ్చేదాకా అలాగే ఉంది.

ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నోటుపుస్తకం పిల్లల హాజరు రాసుకోవడానికి పనికొచ్చింది.

రెండువేల నాలుగులో తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ మామ్మ ఎవరో తోడు దొరికితే గృహప్రవేశానికి క్యాంపుకు వచ్చింది. అమ్మ తెల్లారకుండానే ఇత్తడి బిందె చింతపండుతో తోమి, నీళ్ళు నింపి, కొత్తింట్లోకి తీసుకెళ్ళడానికి వాకిట్లో పెట్టింది. మామ్మ దానికేసి వంగి చూసి, మామూలుగా, వక్క నములుతూ అంది.

"మీ అమ్మ సారె బిందె కదే ఇది? ఇంకా ఉందా!"

"మా నాయనమ్మదండి అత్తయ్యగారూ," అంది అమ్మ. "అంచున నాయనమ్మ పేరే కొట్టించుంది కదండి."

"మా అమ్మ పేరూ, మీ అమ్మ పేరూ ఒకటేనే. అత్తాకోడళ్ళిద్దరికీ ఒకటే పేరైతే ఎలా? కోడల్ని కసరాలంటే అత్తగారి పేరు పెట్టి కసరాలి. మీ నాన్న విన్నా బాగుండదు. అందుకని గుమ్మంలో అడుగుపెట్టిన రోజే మా అమ్మ దానికి వేరే పేరు పెట్టింది. మేమంతా ఆ పేరే పిలిచేవాళ్ళం. నీకు తెలీదా?"

 నేను మామ్మ మీదపడ్డాను.

"ఆ రోజు చెప్పలేదేం మామ్మా? ఆ పేరు పట్టుకుని వాళ్ళ పుట్టినూరు వెళ్తున్నామని నీకు తెలుసు కదా! అక్కడ ఆ పేరు ఎవరికి తెలుస్తుంది?"

"పేరేంటని అడిగేవు, మేం పిలిచే పేరు చెప్పేను. పుట్టింటి పేరు అడిగేవా?" అంది మామ్మ బిక్కమొహం వేసుకుని. "నాకు తోచలేదమ్మా. ఆ పేరు మా అమ్మదిగానే అలవాటైపోయింది."

ఇంకా అరిచేదాన్నే. కానీ అరుస్తూ అరుస్తూ ఆగిపోయాను. పేరు ఒక్కటే కాదుగా తప్పు. అమ్మను నోరు విప్పనిచ్చి ఉంటే, నేను ఫలానా ఆవిడ కూతుర్నండి అని ఒక్క ముక్క చెప్పనిచ్చి ఉంటే, ఏ పేరైనా ఏం నష్టం? కొత్తపేట అనగానే ఆ పెద్దావిడ ఆగింది. ఎవరు కనుక్కోమన్నారని అడిగింది. మీకు తెలియదులెండి అన్నది నేనే.

అమ్మ బిందె పక్కన చతికిలబడి, అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ బిందెతోనే నీళ్ళు మోసింది. ముహూర్తం మించిపోతోందని పురోహితుడు తొందరపెడితే, అమ్మ దాన్ని నడుమున పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. నీళ్ళు తొణికి చీరంతా తడిసింది. ఎందుకు ఏడుస్తోందో వచ్చినవాళ్ళెవరికీ తెలియలేదు.

మూడో రోజున బయల్దేరాం, అదే వ్యాను, అదే నలుగురం. ఈసారి గుళ్ళు లేవు, గోదారి లేదు, వంట లేదు. మామ్మను కొత్తపేటలో దింపి ఆగకుండా పోయాం. లాకుల దగ్గర నీడన కూర్చున్న ముసలాయనకు అమ్మే దిగి అసలు పేరు చెప్పింది. ఆయన ఒక్క క్షణం తడుముకోలేదు. "పెద్దమ్మాయి కదండి, కొత్తపేట ఇచ్చేరు, చిన్నతనంలోనే పోయింది. అదిగోండి, ఆ చివరి ఇల్లు," అన్నాడు. కాలువకు దగ్గరగా ఉన్న పెంకుటిల్లు చూపించాడు. 

అరుగు మీద ఎవరూ లేరు. పిలిస్తే నలభై ఏళ్ళావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేను నోరు తెరవలేదు. అమ్మే చెప్పింది.

"నేను ఈ ఇంటి పెద్దమ్మాయి కూతుర్నండి. ఆవిడ పోయినప్పుడు నాకు రెండేళ్ళండి. ఆస్తి కోసం రాలేదండి."

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అయ్యో, అయ్యో," అంది. "మా అత్తగారి అక్క కూతురా మీరు? ఎంత ఆలస్యంగా వచ్చేరండీ! అత్తగారు పోయి రెండేళ్ళయిందండి."

ఆ రోజు మాకు మజ్జిగ ఇచ్చిన పెద్దావిడ అమ్మకు సొంత పినతల్లి. తాతయ్యకు ఇవ్వమని అడిగిన ఆ చిన్నపిల్ల ఆవిడే. కోడలు మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. "అక్క కూతురు ఎక్కడుందో, తిందో లేదో అని అనని రోజు లేదండి. నన్ను ఆ ఇంటికి ఇచ్చుంటే ఆ పిల్ల నా చేతుల్లో పెరిగేది అనేవారండి. మా మామగారి ముందే అనేసేవారు. ఆయన ఏమీ అనేవారు కాదండి, పాపం." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది. "పోయేముందు ఎవరో గుళ్ళు చూసేవాళ్ళ గురించి కూడా తలుచుకునేవారండి. ఎవరో ఇద్దరాడవాళ్ళు వచ్చేరు, కొత్తపేట సంగతి అడిగేరు, నేను ఇంకో నాలుగు మాటలు అడగాల్సింది, అన్నమైనా తినకుండా వెళ్ళిపోయేరు అని."

"మేమేనండి," అంది అమ్మ.

 నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. అమ్మ అడిగింది, తను వచ్చిన పని.

"మా అమ్మ ఎలా ఉండేదో మీ అత్తగారు ఎప్పుడైనా చెప్పేరాండి?"

"చెప్పడం ఎందుకండీ, అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే మొహం. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అదే మాటండి. వాళ్ళ నాన్నగారైతే పెద్దమ్మాయి పోయేక చిన్నదాన్ని చూస్తే ఆవిడే కనపడుతోందని కొన్నాళ్ళు మొహం తిప్పేసుకునేవారటండి."

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. అమ్మ లేచి దగ్గరకెళ్ళింది. ఆవిడ జీవితంలో దిగింది ఓటరు కార్డు ఫోటో ఒక్కటేనట, దాన్నే పెద్దది చేయించి కట్టించారు. ఆ కార్డు ఫోటోలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. పెద్దది చేసేసరికి ఉన్నది కూడా పోయింది. తెల్లజుట్టు ఉంది, చుట్టూ బూడిదరంగు, మధ్యలో మొహం నల్లగా అలుక్కుపోయింది. అమ్మ కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది, తమ్ముణ్ణి పిలిచి కిటికీ తెరిపించి చూసింది. కోడలు సిగ్గుపడుతూ, "ఇంకోటి లేదండి," అంది.

అమ్మ బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. నన్ను రమ్మని ఎదురుగా చాప చూపించింది.

"నేనా రోజు తలెత్తలేదు. ఒక్కసారి ఎత్తినా కళ్ళనిండా నీళ్ళే, ఏమీ కనపడలేదు. పాదాలు చూసేను. రెండో వేలు పొడుగు. మడమలు పగిలున్నాయి, పసుపు రాసుకున్నట్టుంది. అవి నాకు గుర్తున్నాయి. మొహం నువ్వు చూసేవు. ఎదురుగా కూచుని మాట్లాడేవుగా. ఎలా ఉందో చెప్పవే."

గుర్తు తెచ్చుకోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. మజ్జిగ గ్లాసు గుర్తుంది. ఈనెల కట్ట గుర్తుంది. పుస్తకంలో పేరు నేను ఏ రంగు ఇంకుతో రాశానో గుర్తుంది. వాచీలో పన్నెండున్నర గుర్తుంది. ఆవిడ నాకు రెండు బారల దూరంలో కూర్చుని అరగంట మాట్లాడింది, ఆ మొహం మాత్రం నా బుర్రలో లేదు. నేను చూడలేదు. తెలియదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. చెప్పడం మొదలుపెట్టాను.

"నుదురు వెడల్పుగా ఉంటుందమ్మా. ముక్కు కొస కొంచెం కిందికి దిగుతుంది. కళ్ళు చిన్నవి, నవ్వితే ఇంకా చిన్నవైపోతాయి. కింది పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ. గడ్డం మధ్యలో కాస్త నొక్కినట్టు..."

అమ్మ మొదట నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా వింది. ఒక్కొక్క మాటకూ తలూపింది. తర్వాత తలూపడం ఆగిపోయింది. నా కళ్ళు ఎక్కడున్నాయో చూసింది.

"నా మొహం చూసి చెబుతున్నావు కదే," అంది.

అవునమ్మా అన్నాను.